కోకా సుబ్బారావు గారు కుర్చీ దిగి రాష్ట్రపతి పదవికి నిలబడ్డం తప్పేనా?

గోదారి_గట్టు
నిన్న కోర్టు క్యాంటీన్‌లో చిన్న గొడవైంది. నేను రాజమండ్రిలో ప్రాక్టీసు మొదలుపెట్టి మూడో ఏడు. మాటల్లో కోకా సుబ్బారావు గారి ప్రస్తావన వచ్చింది. మన ఊళ్లో 1902 జూలై 15న పుట్టి, ఇక్కడి ఆర్ట్స్ కాలేజీలో చదివి, ఆంధ్ర హైకోర్టుకి మొట్టమొదటి చీఫ్ జస్టిస్ అయి, ఆపైన భారత ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి అని నేను గొప్పగా చెబుతున్నాను. పక్క టేబుల్ మీదున్న ఒక సీనియర్ గారు టీ గ్లాసు కింద పెట్టి, "ఇంకో మూడు నెలలు ఆగితే మర్యాదగా రిటైరయ్యేవాడు. ఎన్నికల కోసం సుప్రీంకోర్టు కుర్చీ వదిలేసి పోయాడు. ఇక ఆయన తీర్పుల్ని ఏ కంటితో చూడమంటావు?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు చప్పున జవాబు తోచలేదు, రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి. నిజంగా అంత తప్పా?

నల్లకోటు_1989
తప్పే. మీ సీనియర్ గారి మాట మొరటుగా ఉంది గానీ, అందులో విషయం ఉంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. గోలక్‌నాథ్ తీర్పు 1967 ఫిబ్రవరి 27న వచ్చింది. రాజ్యాంగాన్ని సవరించి ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు రాకూడదని ఆరుగురు జడ్జీలు ఒకవైపు, రావచ్చని అయిదుగురు మరోవైపు. ఆరుగురి వైపు పెద్ద ఈయన. ఏప్రిల్ 11న రాజీనామా. ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకిర్ హుస్సేన్ గారి మీద పోటీ. మధ్యలో ఉన్నవి ఆరు వారాలు. ఆయన మనసులో ఏ కల్మషమూ లేదనే నేనూ నమ్ముతాను. కానీ ఓడిపోయిన కక్షిదారుకి ఆయన మనసు కనపడదు కదా, తేదీలే కనపడతాయి. ముప్ఫై ఏళ్లకి పైగా కోర్టుల్లో తిరుగుతున్నాను. న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు కనపడాలి అని రోజూ అనుకుంటాం. అది ఆయనకీ వర్తిస్తుంది.

డల్లాస్_శ్రీను
నల్లకోటు గారూ, తేదీలంటున్నారు కాబట్టి నేనూ ఒకటి చెబుతా. ఏప్రిల్ 10న, అంటే రాజీనామాకి ముందు రోజు, ఆయన ఏం చేశారో తెలుసా? సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు తీర్పిచ్చారు. పాస్‌పోర్టు ఇవ్వడం ఇవ్వకపోవడం సర్కారు దయ కాదు, విదేశం వెళ్లే హక్కు 21వ అధికరణంలో చెప్పిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా ఆపడానికి వీల్లేదు అన్నారు. ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఆ తీర్పు దెబ్బకే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అంతకుముందు అసలు చట్టమే లేదు, అధికారి ఇష్టం.

నా పాస్‌పోర్టు రెన్యువల్‌ని ఒక ఆఫీసులో కారణం చెప్పకుండా నాలుగు నెలలు తొక్కిపెట్టారు. నాన్నకి గుండె ఆపరేషన్, నేను ఇక్కడ ఇరుక్కుపోయాను. తెలిసిన లాయరు గారు ఆ చట్టం కింద కారణం రాతపూర్వకంగా ఇమ్మని ఒక ఉత్తరం పంపారు. పది రోజుల్లో పుస్తకం చేతికొచ్చింది. ఆ హక్కుకి మొదలెక్కడా అని వెతికితే ఈయన పేరు తగిలింది. అందుకే ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే నాకు గుచ్చుకుంటుంది.

సివిల్_జడ్జి_ప్రిపరేషన్
పాస్‌పోర్టు అంటే మేనకా గాంధీ కేసు కదా? 1978. మా కోచింగ్‌లో అదే చెప్పారు.

డల్లాస్_శ్రీను
అది తర్వాత తమ్ముడూ. పునాది 1967లో పడింది, మేనకా కేసులో దాని మీద మేడ కట్టారు.

బాపట్ల_లక్ష్మి
ఆయన మా బాపట్లలో కొన్ని నెలలు జిల్లా మున్సిఫ్‌గా, అంటే కింది కోర్టు జడ్జీగా, చేశారని ఎంతమందికి తెలుసు? నేను కోర్టు సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. కొత్తగా వచ్చిన ప్రతి మున్సిఫ్ గారికీ ఈ మాట చెప్పేదాన్ని. "ఈ కుర్చీలోంచి ఢిల్లీ దాకా వెళ్లారండీ" అంటే కుర్రాళ్ల మొహాలు వెలిగిపోయేవి.

ఆయన మామగారు పి. వెంకటరమణారావు గారు టంగుటూరి ప్రకాశం పంతులు గారి శిష్యుడు. మద్రాసులో ఆ మామగారి ఆఫీసులోనే ఈయన పని నేర్చారు. మామగారు హైకోర్టు జడ్జీ అయ్యాక, బావమరిది పి.వి. రాజమన్నార్ గారితో కలిసి ప్రాక్టీసు పెట్టారు. 1948లో మద్రాసు హైకోర్టు జడ్జీ అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 జూలైలో గుంటూరులో మన హైకోర్టు మొదలైంది, దానికి ఈయనే తొలి పెద్ద. కొత్త కోర్టంటే తీర్పులు రాయడం ఒక్కటే కాదమ్మా. రికార్డు గది, కాపీయింగు సెక్షను, ఫైలింగు, బల్లలు, బీరువాలు, మద్రాసు నుంచి తెచ్చిన కేసు కట్టలు ఎక్కడ పెట్టాలి, ఏ కేసు ఏ ఊరిది అని విడదీయడం... ఒక్క సబ్‌కోర్టు పాత భవనంలోంచి కొత్త దానికి మారితేనే మాకు ఆర్నెల్లు పట్టింది. హైకోర్టుని సున్నా నుంచి నిలబెట్టడమంటే ఎంత పనో నేను ఊహించుకోగలను. ఆయన గురించి రాసేవాళ్లు ఆ రెండేళ్లని ఒక్క వాక్యంలో దాటేస్తారు, అదే నా బాధ.

నల్లకోటు_1989
లక్ష్మి గారూ, మీరు చెప్పినదాంట్లోనే ఇంకో విషయముంది. 1948లో ఈయన జడ్జీ అయ్యారు, అదే ఏడు రాజమన్నార్ గారు మద్రాసు చీఫ్ జస్టిస్ అయ్యారు. బావా బావమరుదులు ఒకే హైకోర్టులో. ఈరోజు అలా జరిగితే ఎంత రచ్చ అవుతుంది?

బాపట్ల_లక్ష్మి
రచ్చ అవుతుంది, అవ్వాలి కూడా. కాదనను. కానీ చుట్టరికంతో వచ్చినవాడు పెద్దల మాటకి తలూపుతాడు. ఈయన సుప్రీంకోర్టుకి 1958 జనవరి ఆఖర్లో వెళ్లారు, ఆ ఏడే సెర్చ్‌లైట్ పత్రిక కేసులో మిగతా ధర్మాసనమంతా ఒకటైతే తనొక్కడే అడ్డం తిరిగారు. శాసనసభ ప్రత్యేక హక్కుల కన్నా పత్రిక రాసే స్వేచ్ఛ తక్కువేం కాదన్నారు. కొత్తగా చేరినవాడు చేసే పనేనా అది? మా ఆఫీసులో కొత్త గుమాస్తా మొదటి నెల్లో ఫ్యాను వెయ్యమని అడగడానికే మొహమాటపడేవాడు.

మూసీ_ఒడ్డు
గుంటూరు ముచ్చట చెప్పిన్రు, హైదరాబాద్ ముచ్చట నేను చెప్త. మా నాయిన హైకోర్టుల చప్రాసి. 1956 నవంబర్ల రాష్ట్రం ఒకటైనంక గుంటూరు హైకోర్టు, హైదరాబాద్ హైకోర్టు కలిసి మన మూసీ ఒడ్డు బిల్డింగులకు వచ్చినయి. 1920ల నిజాం తెరిచిన బిల్డింగు, ఎర్ర రాయి, గుమ్మటాలు. ఒకప్పుడు ఉర్దూ నడిచిన కోర్టు అది. వకీల్లు వేరే, కాయిదాలు వేరే, అలవాట్లు వేరే. ఇటు మద్రాస్ పద్ధతి, అటు నిజాం పద్ధతి. రెండు ఇండ్లోల్లు ఒక్క కొట్టంల ఉంటే ఎట్లుంటదో అట్లుండె అని మా నాయిన అనెటోడు. ఆ ఇల్లును కలిపి నడిపిన మొదటి చీఫ్ జస్టిస్ సుబ్బారావు సారే. పి. జగన్మోహన్ రెడ్డి సార్ అసొంటోల్లు హైదరాబాద్ దిక్కు నుంచి వచ్చిన జడ్జీలు. తర్వాత ఆ సార్ గూడ ఆంధ్రప్రదేశ్ చీఫ్ జస్టిసై, సుప్రీంకోర్టుకు పోయిండు.

మా నాయినకు ఎవల మీద ఎంత కోపమున్నా, "సుబ్బారావు సాబ్ టైముకు బెంచి ఎక్కెటోడు" అని మాత్రం చెప్పెటోడు. ఆయనకు అదే పెద్ద మాట.

బురుజు_కింద
హైకోర్టు గుంటూరుకి, గుంటూరు నుంచి హైదరాబాదుకి, ఇప్పుడు అమరావతిలోని నేలపాడుకి. 1937 శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని ఒక దిక్కు, హైకోర్టు ఒక దిక్కు అనుకున్నారు. మా కర్నూలుకి రాజధాని మూడేండ్లే దక్కె. మా తాత రాజధాని గుడారాలు చూసినోడు. ఆ కథ కూడా చెప్పుకోవల్ల కదా?

నల్లకోటు_1989
చెప్పుకోవాలి బురుజు గారూ, దానికి వేరే థ్రెడ్ తెరవండి, నేనూ వస్తా. ఇక్కడ మొదలెడితే గోదారి_గట్టు అబ్బాయి ప్రశ్న మూసీలో కొట్టుకుపోతుంది.

ఎర్రమట్టి
అందరూ దండలేస్తున్నారు, ఒక ముల్లు నేనూ గుచ్చుతాను. గోలక్‌నాథ్ కేసు ఎవరిది? పంజాబ్‌లో జలంధర్ దగ్గర అయిదు వందల ఎకరాల పైన భూమి ఉన్న కుటుంబానిది. తలకి ముప్ఫై ఎకరాలే ఉంచుకోమని చట్టం చెబితే, ఆస్తి హక్కు అని కోర్టుకెక్కారు. సుబ్బారావు గారు పార్లమెంటు చేతులు కట్టేశారు. మా తాత ఇంకొకరి పొలంలో పాలేరు. 1973 సీలింగు చట్టం కింద మాకు ఎకరం ముప్ఫై సెంట్లు పట్టా వచ్చింది. ఆ ఎకరం మీదే నాన్న టీచరయ్యాడు. గోలక్‌నాథ్ తీర్పే నిలబడి ఉంటే ఆ చట్టం బతికేదా? 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో దాన్ని తిరగరాశారు కాబట్టి సరిపోయింది. మా ఇంట్లో ఆయన పేరు గౌరవంగా తలుచుకోరు. నిజం చెబుతున్నా.

గోదారి_గట్టు
ఎర్రమట్టి అన్నా, మీ ఇంటి మాటని కాదనే అర్హత నాకు లేదు. ఒక్క విషయం మాత్రం. ఆ తీర్పులో ఆయన గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి తిరిగి ఇప్పించలేదు. "ఇవాళ్టి నుంచే ఈ నియమం, నిన్నటిదాకా జరిగినవి చెల్లుతాయి" అన్నారు. అప్పటిదాకా వచ్చిన ఒకటో, నాలుగో, పదిహేడో రాజ్యాంగ సవరణలు అలాగే ఉన్నాయి. వాటి కింద జమీందారీలు పోయాయి, లక్షల మంది చేతికి భూములొచ్చాయి, ఒక్కటీ కదపలేదు. మన దేశంలో అలా ముందుకే వర్తించేలా పాత తీర్పుని కొట్టేయడం అదే మొదలు. కేసు గెలిచి భూమి ఓడిపోయారు ఆ కుటుంబం వాళ్లు.

ఎర్రమట్టి
నిన్నటి భూముల సంగతి సరే తమ్ముడూ. మాకు రావాల్సింది రేపటిది. తలుపు మూసింది మా మొహం మీదే.

నల్లకోటు_1989
ఎర్రమట్టి గారి లెక్క సరైనదే. అయితే ఆ తలుపుకి ఇంకో వైపు కూడా చూడాలి. కేశవానందలో పార్లమెంటుకి సవరించే అధికారం ఉందన్నారు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపం ముట్టుకోవద్దన్నారు. ఏడుగురు ఇటు, ఆరుగురు అటు. ఆ గీత గీయాలన్న ఆలోచనకి ఊపిరి పోసింది గోలక్‌నాథే. ఆయన గోడ కట్టారు, తర్వాతివాళ్లు గోడ తీసేసి గట్టు వేశారు. పైన మూసీ_ఒడ్డు గారు చెప్పిన జగన్మోహన్ రెడ్డి గారు ఆ ఏడుగురిలో ఒకరు.

ఇనపకుర్చీ
ఎర్రమట్టి గారికి ఒక తీర్పు చదవమని నా మనవి. దేవదాసన్ కేసు, 1963 ఆగస్టు. కేంద్ర సచివాలయంలో ఎస్సీ ఎస్టీ పోస్టులు ఒక ఏడు నిండకపోతే తర్వాతి ఏళ్లకి మోసుకుపోయే నియమం ఉండేది. అలా మోసుకుపోతే 45 పోస్టుల్లో 29 రిజర్వు అయ్యాయి. చెల్లదు అని నలుగురు జడ్జీలు కొట్టేశారు. అయిదో ఆయన సుబ్బారావు. ఒక్కరే. మేలుజాతి పందెపు గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరిగెత్తమంటే అది సమానత్వమా అని అడిగారు. రిజర్వేషను అనేది సమానత్వానికి మినహాయింపు కాదు, సమానత్వాన్నే గట్టిగా చెప్పే పద్ధతి అన్నారు. ఆనాడు ఎవరూ వినలేదు. 1975లో కేరళ ప్రభుత్వం, ఎన్.ఎం. థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారిలోకి వచ్చింది. 1992లో మండల్ కేసులో తొమ్మిది మంది ధర్మాసనం కూడా మినహాయింపు కాదనే చెప్పింది. అందులో ప్రధాన తీర్పు రాసింది బి.పి. జీవన్ రెడ్డి గారు, ఆయనా మన హైకోర్టులో జడ్జీగా చేసినవారే.

ఎర్రమట్టి
ఇది నాకు తెలీదు.
మా తమ్ముడు బ్యాక్‌లాగ్ పోస్టులో చేరాడు. మూడేళ్లు నిండని ఖాళీ, నాలుగో ఏడు నోటిఫికేషన్ ఇచ్చి నింపారు. అంటే మోసుకొచ్చిన పోస్టే కదా అది?

ఇనపకుర్చీ
అదే. 2000లో 81వ సవరణతో రాజ్యాంగంలోనే రాశారు బ్యాక్‌లాగ్ సంగతి. దానికి ముప్ఫై ఏడేళ్ల ముందు ఒక్క గొంతు ఉంది, ఆయనది.

ఎర్రమట్టి
మా ఇంట్లో ఒక చేతికి ముల్లు, ఇంకో చేతికి అన్నం ముద్ద. రెండూ ఆయనవే అంటే ఏం మాట్లాడాలో తెలీట్లేదు. భూమి విషయంలో నా మాట వెనక్కి తీసుకోను. కానీ ఈ తీర్పు తమ్ముడికి చదివి వినిపిస్తాను.

పేరొద్దు_గుంటూరు
చాలా రోజుల నుంచి చదవడమే తప్ప రాయని మనిషిని. ఇవాళ రాస్తాను.

మా అన్న మీద పాతికేళ్ల కింద ఒక కొట్లాట కేసు. కోర్టు కొట్టేసింది. కానీ స్టేషన్లో ఆయన మీద నిఘా షీట్ తెరిచారు, అది మూయలేదు. అర్ధరాత్రి ఒంటిగంటకి, రెండింటికి తలుపు కొట్టేవాళ్లు. "ఉన్నాడా?" అని ఒక్క మాట. వదిన లైటు వేసేది, అన్న గుమ్మం దాకా వచ్చి మొహం చూపించేవాడు, వాళ్లు పుస్తకంలో రాసుకుని వెళ్లేవాళ్లు. పిల్లలకి ఆ వయసులోనే బూట్ల చప్పుడు దూరం నుంచే తెలిసిపోయేది. పెద్దదాని పెళ్లి సంబంధం ఆ చప్పుడు వల్లే తప్పిపోయింది.

అప్పుడు మా ప్లీడరు గారు చెప్పారు ఖడక్ సింగ్ కేసు గురించి. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో విడుదలైన మనిషి, ఇదే బాధ, రాత్రిళ్లు పోలీసులు. 1962 డిసెంబరులో తీర్పు. రాత్రిపూట ఇంటికి రావడం తప్పని అందరు జడ్జీలూ అన్నారట. కానీ మిగతా నిఘా చేసుకోవచ్చని ఎక్కువమంది అన్నారు, గోప్యత అనే హక్కే రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావు గారు, ఆయనతో జె.సి. షా గారు, ఇద్దరే ఒప్పుకోలేదు. కాళ్లకి సంకెళ్లు వేయకపోయినా, వెంట ఎప్పుడూ ఒక కన్ను ఉంటే మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదన్నారు. ఆ మాటని మా ప్లీడరు గారు తెలుగులో మా వదినకి చెబితే, ఆమె "ఆయనకి మన ఇల్లు తెలుసా?" అని అడిగింది.

ఆయన రాష్ట్రపతి పోటీ గురించి నాకు అభిప్రాయం లేదు. ఇది చెప్పాలనిపించింది.

డల్లాస్_శ్రీను
వదిన గారి మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

గోదారి_గట్టు
పేరొద్దు గారూ, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఖడక్ సింగ్ కేసులో ఆ ఇద్దరు రాసిందే సరైనదన్నారు. యాభై నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు మీ అన్నగారి షీట్ ఇంకా ఉంటే హైకోర్టులో రిట్ వేయొచ్చు. నేను ఫీజు లేకుండా కాయితాలు తయారు చేస్తాను, నాకు విడిగా రాయండి.

పేరొద్దు_గుంటూరు
అన్న పోయి నాలుగేళ్లయింది బాబూ. షీట్ ఆయన బతికుండగానే తీయించాం. చల్లగా ఉండు.

సివిల్_జడ్జి_ప్రిపరేషన్
నానావతి కేసు తీర్పు కూడా ఈయనదేనా? నేవీ కమాండరు భార్య ప్రియుణ్ని కాల్చినది?

నల్లకోటు_1989
ఈయన రాసిందే, 1961 నవంబరు. దేశమంతా కమాండరు వైపు ఉన్నా, పత్రికలు కమాండరు వైపు ఉన్నా, యావజ్జీవం ఖాయం చేశారు. భార్య చెప్పినప్పటికీ తుపాకీ పేల్చినప్పటికీ మధ్య మూడు గంటలు గడిచాయి, అప్పటికి వేడి చల్లారి ఉండాలి, కాబట్టి ఆవేశంలో చేశాడనడం కుదరదన్నారు. పరీక్షలో 'తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడు' అని అడిగితే ఇదే రాయాలి.

సరే, మొదటి ప్రశ్నకి వస్తాను. పైన చదివినవన్నీ చూశాక కూడా నా మాట అదే. ఆయన తీర్పులకి చేతులెత్తి దణ్ణం పెడతాను, ఆ రాజీనామాకి పెట్టను. రాజ్యాంగం సుప్రీంకోర్టు జడ్జీ దిగిపోయాక కోర్టుల్లో వాదించకూడదంది, 124వ అధికరణం ఏడో ఉపవాక్యం. ఎన్నికల్లో నిలబడొద్దని అనలేదు. అంటే చట్టప్రకారం తప్పు లేదు. కానీ అక్కడ రాసి లేనిదాన్నే మనం మర్యాద అంటాం. ఎంత గట్టి మనిషైనా మూడు నెలలు ఆగి ఉంటే, మీ సీనియర్ గారికి ఆ ఒక్క మాట దొరికేది కాదు.

బాపట్ల_లక్ష్మి
ఆగితే ఎన్నిక అయిపోయేది కదండీ. పోలింగు మే 6న. ఆయన పుట్టినరోజు, అంటే రిటైర్మెంటు, జూలైలో. గెలిచే ఆశ పెద్దగా లేదని ఆయనకి తెలియదా? ఓట్ల విలువలో ఆయనకి వచ్చినవి 3,63,971, జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244. అంత తేడా ఉంటుందని తెలిసీ కుర్చీ వదిలారంటే, పదవి మీద ఆశ అని నేను అనుకోలేను. అందరూ తలూపే చోట ఒకడు నిలబడాలి అనే అలవాటు, బెంచి మీద ఉన్నదే బయటికీ వచ్చిందేమో.

నల్లకోటు_1989
అది మీ మంచితనం లక్ష్మి గారూ. నేను ఒప్పుకోను, కానీ ఆ మాట గుర్తుపెట్టుకుంటాను.

మూసీ_ఒడ్డు
ఒక్క తారీఖు నేను గూడ చెప్త. ఎమర్జెన్సీల, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు చెప్పింది: జైల్ల ఏసినోడు కోర్టుకు వచ్చి నన్నెందుకేసిన్రని అడిగే హక్కు ఇప్పుడు లేదు అని. హెచ్.ఆర్. ఖన్నా సార్ ఒక్కడే కాదన్నడు. ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావు సార్ పోయిండు. సరిగ్గ తొమ్మిదేండ్ల కింద ఆయన ఎన్నిక పోలింగైన దినం అది. ఆ తీర్పు ఆయనకు తెలిసిందో లేదో. మా నాయిన ఆ దినం హైకోర్టు మెట్ల మీద శానా సేపు కూసున్నడని మా అమ్మ చెప్పింది.

గోదారి_గట్టు
రేపు ఉదయం ఆ సీనియర్ గారి టేబుల్ దగ్గరికే వెళ్తాను. రాజీనామా గురించి వాదించను, నల్లకోటు గారి మాటే చెబుతాను, అంతవరకు ఆయనదే పైచేయి. ఆ తర్వాత దేవదాసన్ తీర్పు ప్రింటు తీసి, ఆ ఒక్కరి భాగం చదవమని ఇస్తాను. దాని సైటేషన్ ఎవరి దగ్గరైనా ఉందా?

ఇనపకుర్చీ
ఏఐఆర్ (ఆలిండియా రిపోర్టర్) 1964 సుప్రీంకోర్టు 179. ఆయన రాసింది చివర్లో ఉంటుంది, అక్కడి దాకా తిప్పు.

ఎర్రమట్టి
తమ్ముడూ, నాకూ ఒక కాపీ పంపు.